వరుస కలిపేవాళ్ళు

జనం ఒకరి వెనక ఒకరు నిలబడటానికీ, ఒకరికొకరు చుట్టాలు కావటానికీ తెలుగులో ఒకటే మాట ఉంది. రెండింటినీ వరుస అనే అంటాం. ఇన్నాళ్ళూ దీన్ని భాషలోని ఒక ముచ్చటగా భావించి ఊరుకున్నాను. మొన్న మే నెలలో ఒక ఆదివారం, నగర శివార్లలోని ఒక వినోదాల పార్కులో, ఎత్తు మీదినుంచి నీళ్ళలోకి జారే పడవ ఎక్కడానికి తొమ్మిదేళ్ళ మా మేనకోడలిని వెంటబెట్టుకొని గంటా నలభై నిమిషాలు నిలబడిన తరువాత, ఇది ముచ్చట కాదనీ, జాతి యావత్తూ ఏకగ్రీవంగా ఆమోదించి అమలు చేస్తున్న న్యాయసూత్రమనీ నాకు బోధపడింది. ఒక మనిషి వరుసలో నిలబడితే, అతనికి వరుసయ్యే వాళ్ళందరూ ఆ వరుసలో నిలబడినట్టే.

ఈ సూత్రాన్ని అందుకోలేని మందబుద్ధులు కొందరు ఇంకా మిగిలి ఉన్నారు. వాళ్ళు ఎవరి కాళ్ళ మీద వాళ్ళే నిలబడి, తమ వంతు వచ్చినప్పుడు ఎక్కి, దిగి, ఇంటికి పోతారు. వాళ్ళ వెనకబాటుతనం గురించి, అంటే నా గురించి, నాలుగు మాటలు రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మా ముందు ఒక కుర్రాడు ఒక్కడే నిలబడి ఉన్నాడు. మర్యాదస్తుడిలా కనబడ్డాడు. సెలవు రోజున తోడెవరూ లేకుండా పార్కుకు వచ్చాడంటే ఏ హాస్టల్లోనో ఉండి చదువుకుంటున్నాడేమో పాపం అని నేను జాలి పడ్డాను. ఏమీ తోచక, అతనికి ఊళ్ళో ఒక ముసలి తల్లినీ, అరెకరం పొలాన్నీ, ఒక పాడిగేదెనూ కల్పించి మేనకోడలికి కథ కూడా చెప్పాను. ఇనుప కమ్మీల మధ్య పాములా మెలికలు తిరిగిన ఆ దారిలో మూడు మెలికలు దాటేదాకా అతను దిక్కులేనివాడే. నాలుగో మెలికలో అతని ఫోను మోగింది.

"ఇక్కడే బాబాయ్, ఫ్యాను కింద. పెద్ద బట్టతల అంకుల్ ఉన్నాడు చూడు, సరిగ్గా ఆయన ముందు."

చుట్టూ చూశాను. ఆ పరిసరాల్లో మరో బట్టతల లేదు. నడిసముద్రంలో ఓడలకు దీపస్తంభం ఎలాగో, పూర్వం బాటసారులకు ఊరి చివరి మర్రిచెట్టు ఎలాగో, ఆ క్షణం నుంచి ఆ కుటుంబానికి నేను అలాగ. నా అనుమతి అడగకుండానే నన్ను కొండగుర్తుగా నియమించారు. కొండగుర్తుకు ఒక లక్షణం ఉంటుంది: అది కదలదు, మాట్లాడదు, ఎంతమంది తన పక్కనుంచి నడిచిపోయినా అభ్యంతరం చెప్పదు. నేను ఆ పదవికి అన్ని విధాలా తగినవాడినని మరో అరగంటలో రుజువైంది.

మొదట ఇద్దరు వచ్చారు. ఆ కుర్రాడి అన్న, వదిన. వాళ్ళ రాకను నేను హుందాగా స్వీకరించాను, ఎందుకంటే బాత్‌రూముకు వెళ్ళి వచ్చి ఉంటారనీ, అది మానవ సహజమనీ అనుకున్నాను. ఐదు నిమిషాలకు బాబాయి, పిన్ని, ఇద్దరు పిల్లలు, నాలుగు కోన్ ఐస్‌క్రీములు వచ్చాయి. ఈసారి బాత్‌రూము వాదన నిలవలేదు, ఎందుకంటే అక్కడ ఐస్‌క్రీములు అమ్మరు. తరువాత అన్నగారి తోడల్లుడు, ఆయన భార్య, వాళ్ళ పాప వచ్చారు. వచ్చిన ప్రతి దఫాకూ ఒకే మంత్రం వినబడుతూ వచ్చింది: "కొంచెం జరగండి, మావాళ్ళు ముందున్నారు." ఈ మంత్రంలోని సౌందర్యాన్ని గమనించమని పాఠకులకు మనవి. అది అబద్ధం కాదు. వాళ్ళవాళ్ళు నిజంగానే ముందున్నారు. నావాళ్ళు కూడా చాలామంది నాకన్నా ముందున్నారు. మా చిన్నాన్నగారబ్బాయి కలెక్టరాఫీసులో సూపరింటెండెంటుగా ఉన్నాడు, మా బావమరిది అమెరికాలో ఇల్లు కొన్నాడు. అంతమాత్రాన నేను వెళ్ళి వాళ్ళ కుర్చీలో కూర్చోలేదు, వాళ్ళ ఇంట్లో మంచం వేసుకోలేదు.

ఇక బాబాయిగారు కమ్మీ కింది నుంచి దూరిన ఘట్టాన్ని వివరంగా రాయకపోతే చరిత్రకు ద్రోహం చేసినవాడినవుతాను. మిగిలినవాళ్ళు మెలికల వెంబడి నడుస్తూ, ప్రతి మెలికలోనూ మంత్రం చదువుతూ వచ్చారు. బాబాయిగారికి అంత ఓపిక లేదు. ఆయన సరాసరి అడ్డదారిన బయలుదేరి, రెండు కమ్మీలను పైనుంచి దాటారు. మూడో కమ్మీ దగ్గర ఆయన కాలికీ ఆయన ఉద్దేశానికీ పొత్తు కుదరలేదు. అప్పుడాయన ఐస్‌క్రీమును ముందుకు చాచి పట్టుకొని, నడుము వంచి, తలను కమ్మీ కింద పెట్టి, భుజాలను పంపి, పొట్ట వంతు వచ్చేసరికి ఆగిపోయారు. సగం బాబాయి వరుసలోనూ సగం బాబాయి వరుస బయటా ఉన్న ఆ అవస్థలో ఆయన టికెట్టు ఏ వైపు చెల్లుతుందో చెప్పగల న్యాయమూర్తి దేశంలో లేడు. ముందు నుంచి కుర్రాడు చేతులు పట్టి లాగుతున్నాడు. వెనక నుంచి ఎవరో అపరిచితుడు, తన వంతును హరించడానికి వస్తున్న మనిషినే, జాలిపడి రెండు చేతులతో తోస్తున్నాడు. ఐస్‌క్రీము కరిగి ఆయన మోచేతి దాకా కారింది. ఆ స్థితిలోనూ ఆయన తలెత్తి, నా వైపు చూసి, కాస్త విసుగ్గానే, "అంకుల్, మీరు ఒక్కడుగు వెనక్కేస్తే నాకు చోటుంటుంది కదా" అన్నారు. ఆయనకు నాకన్నా కనీసం ఐదేళ్ళు ఎక్కువ ఉంటాయి. నేను ఒక్కడుగు వెనక్కి వేశాను.

ఆ వేసిన అడుగు గురించి ఆ తరువాత చాలాసేపు ఆలోచించాను. చట్టపరంగా చూస్తే బాబాయి పక్షాన బలమైన వాదనే ఉంది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్య ప్రకారం ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు సంక్రమిస్తుంది. తెలుగునాట వ్యవహారమంతా శతాబ్దాలుగా ఈ మితాక్షరమే. అలాంటప్పుడు క్యూలో తమ్ముడు సంపాదించిన రెండడుగుల స్థలంలో అన్నకీ, బాబాయికీ, బాబాయి ఐస్‌క్రీముకూ వాటా లేదనడానికి నేనెవరిని? ఆడవాళ్ళ సంగతేమిటని అడిగే అవకాశం కూడా లేదు. కూతుళ్ళకు సమాన వాటా ఇస్తూ దేశం మొత్తానికి చట్టం 2005లో వస్తే, మన ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే సవరణ చేసుకున్నాం. ఎంతో గర్వపడవలసిన ఆ సంస్కరణ ఫలితంగా పిన్నిగారు కూడా నా ముందు సర్వహక్కులతో నిలబడ్డారు. బెంగాలువాళ్ళు అనుసరించిన జీమూతవాహనుడి దాయభాగం వేరు. అందులో పెద్దాయన కాలం చేశాకే మిగిలినవాళ్ళకు హక్కు పుడుతుంది. ఆ పద్ధతే క్యూలకు మెరుగనిపించింది కానీ, ఎదురుగా కుర్రాడు ఆరోగ్యంగా ఉన్నాడు, ఆ ఆలోచన పైకి చెప్పేది కాదు. కేరళ శాసనసభ 1975లో ఉమ్మడి హిందూ కుటుంబ వ్యవస్థనే రద్దు చేస్తూ చట్టం చేసింది. మన శాసనసభ్యులు మే నెల మధ్యాహ్నం ఏ పార్కులోనూ నిలబడి ఉండరు, అందుకే వాళ్ళకు ఆ తొందర కలగలేదు.

"ఇంతకీ మీకు పోయిందేమిటి? రెండు నిమిషాలేగా?" అని ప్రతివాదులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నేను వీధిబడిలో ఎక్కాలు నేర్చుకున్నవాడిని, నిలబడి ఉన్న సమయాన్ని వృథా చేయక లెక్క కట్టాను. పడవలో ఇరవై సీట్లున్నాయి. నేను గడియారం చూసినంతసేపూ మూడు నిమిషాలకొక పడవ కదిలింది. అంటే తలకు తొమ్మిది సెకన్లు. పదకొండు మంది అదనంగా చేరితే వాళ్ళ వెనకున్న ప్రతి ఒక్కరికీ తొంభైతొమ్మిది సెకన్లు పోతాయి. రెండు నిమిషాలు కూడా కాదు, ప్రతివాదులు నిజమే చెప్పారు. అయితే మా వెనక తక్కువలో తక్కువ మూడు వందల మంది ఉన్నారు. మూడు వందలను తొంభైతొమ్మిదితో గుణిస్తే ఎనిమిది గంటల పదిహేను నిమిషాలు వస్తుంది. ఒక గుమాస్తా పూర్తి రోజు డ్యూటీ అది. ఎవరి జేబులోంచైనా ఒక్క రూపాయి తీస్తే దొంగతనం. మూడు వందల మంది ఆయుష్షులోంచి తలా కాస్త గిల్లితే మాత్రం కుటుంబ విహారం.

డెన్మార్కులో ఎర్లాంగ్ అనే ఇంజనీరు ఉండేవాడు. కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేస్తూ, ఎన్ని కాల్స్‌కు ఎన్ని లైన్లు కావాలో, ఎవరు ఎంతసేపు వేచి ఉండాలో లెక్కగట్టేవాడు. ఆ లెక్కల్లో మొదటి పత్రాన్ని 1909లో ప్రచురించాడు. క్యూల గణితమంతా అక్కడినుంచే పుట్టింది. ఆ లెక్కలో మనుషులు ఒకరి తరువాత ఒకరు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వస్తారని ఆయన ధైర్యంగా ఊహించాడు. ఆయనకు తోడల్లుళ్ళు లేరేమో.

నిజానికి నేను మొదట్లో గట్టిగా అడగాలనే సిద్ధపడ్డాను. గొంతు సవరించుకున్నాను కూడా. సరిగ్గా అప్పుడు చివరి దఫాగా నాయనమ్మగారు వచ్చారు. మనవరాలి చేయి పట్టుకొని మెల్లగా మెలికలన్నీ నడిచి వచ్చి, కుటుంబానికంతటికీ వెనక, నాకు సరిగ్గా ముందు నిలబడ్డారు. ఆవిడ అక్కడ నిలబడటం యాదృచ్ఛికమని నేను చాలాకాలం నమ్మగలిగేవాడినే, స్టాన్లీ మిల్‌గ్రామ్ సంగతి తెలియకపోతే. ఆ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో న్యూయార్కులో 129 క్యూల్లోకి మనుషులను కావాలని చొరబెట్టి, వెనకున్నవాళ్ళు ఏం చేస్తారో రాయించాడు. ఆయన పోయిన తరువాత 1986లో ఆ పత్రం అచ్చయింది. చొరబడినవాడి మీద ఎవరైనా చేయి వేసిన సందర్భాలు పదింట ఒకటి మాత్రమే. అభ్యంతరం చెప్పేది ముఖ్యంగా వెంటనే వెనకున్న మనిషే. ఆ మనిషికీ చొరబాటుదారుకూ మధ్య నోరు విప్పని మరొకరిని నిలబెడితే అభ్యంతరాలు బాగా తగ్గిపోయాయి. ఇన్ని క్యూలు తిరిగి, ఇంత ఖర్చు పెట్టి మిల్‌గ్రామ్ కనిపెట్టిన దాన్ని మన కుటుంబాలు ఏ పత్రమూ చదవకుండానే అమలు చేస్తున్నాయి. ఆ నోరు విప్పని మనిషి పేరు నాయనమ్మ.

మన నాయనమ్మలు నోరు విప్పుతారు, తేడా అంతే. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసి, "ఏ ఊరు నాయనా మనది?" అన్నారు. చెప్పాను. "అక్కడ కరణంగారి వీధిలో మా పెద్దాడపడుచు తోడికోడలి పుట్టిల్లు ఉండేది" అన్నారు. మా తాతగారి ఇల్లు ఆ వీధిలోనే ఉండేదని చెప్పడం నేను చేసిన పొరపాటు. రెండు నిమిషాల్లో ఆవిడ నాకు పిన్ని వరుస అయ్యారు, కమ్మీ కింద ఇరుక్కున్న బాబాయిగారు నాకు అన్న వరుస అయ్యారు, చెరో ఐస్‌క్రీము పట్టుకున్న పిల్లలు నాకు కొడుకులయ్యారు. తరువాత ఆవిడ చేతిసంచీ అడుగునుంచి, గేటు దగ్గర వెతికినవాళ్ళ కళ్ళుగప్పి తెచ్చిన పొట్లం విప్పి, నాకొక జంతిక పెట్టారు. నేను తిన్నాను. బాగుంది, వాము సరిగ్గా పడింది. జంతిక నోట్లో ఉన్న మనిషి హక్కుల గురించి మాట్లాడలేడు.

ఇదంతా మనవాళ్ళ ప్రత్యేకత అనుకొని ఎవరూ కుంగిపోనక్కరలేదు. కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ 1955 జూలై 17న తెరిచిన రోజునే దొంగ టికెట్లతో వేలమంది లోపలికి వచ్చారు. ప్రహరీకి నిచ్చెన వేసి తలకు ఐదు డాలర్లు వసూలు చేసిన ప్రబుద్ధుడి కథను ఇప్పటికీ చెప్పుకుంటారు. వరుస తప్పించుకోవడానికి డబ్బున్న కుటుంబాలు వికలాంగులను గంటల లెక్కన అద్దెకు తెచ్చుకుంటున్నాయని 2013లో అమెరికా పత్రికలు రాశాయి. వికలాంగులను ముందుగా పంపే తన పద్ధతిని అదే ఏడాది డిస్నీ మార్చుకోవలసి వచ్చింది. వరుసలో నిలబడకుండా ముందే వేళ రాయించుకునే వాళ్ళ ఫాస్ట్‌పాస్, 1999లో ఉచితంగా మొదలైనది, 2021లో పోయి, దాని చోట డబ్బు కట్టి కొనుక్కునే ఏర్పాటు వచ్చింది. మన పార్కుల్లోనూ ఎక్కువ కడితే పక్కదారిన పంపే టికెట్టు ఉంది. దాన్ని కొన్నవాళ్ళంటే నాకు గౌరవమేమీ లేదు గానీ, వాళ్ళు కనీసం తమ దౌర్జన్యానికి రశీదు తీసుకుంటారు.

మనకు నిలబడటం చేతకాదని కూడా అనలేం. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సు గదుల్లో పూటలకు పూటలు, పసిపిల్లలతో, మోకాళ్ళ నొప్పులతో కూర్చునేది ఈ జనమే. అక్కడ గదికి తాళం వేస్తారన్నది వేరే విషయం. 2025 వానాకాలంలో యూరియా దొరక్క తెలంగాణ పల్లెల్లో రైతులు సొసైటీ గోదాముల ముందు తెల్లవారకముందే చేరి, నిలబడలేక, తమ చెప్పుల్నీ పట్టాదారు పాసుపుస్తకాల్నీ వరుసలో పెట్టిన ఫొటోలు అందరం చూశాం. అరిగిపోయిన హవాయి చెప్పులు, తెగితే పిన్నీసు పెట్టుకున్న చెప్పులు. ఒక జత చెప్పులంటే ఒక రైతు. వాటి మధ్యలోకి మరో పదకొండు జతలు వచ్చి, "మా చెప్పులు ముందున్నాయి" అని దూరవు. పంట ఎండిపోతున్నవాడు చెప్పులకిచ్చిన పాటి మర్యాదను, విహారానికి వచ్చినవాడు సాటి మనిషికి ఇవ్వడు.

పార్కులో ఇతర పాపాలు చేసేవాళ్ళ గురించి ఎక్కువ రాయను, చోటు చాలదు. లాకరు తీసుకోకుండా ఫోను, పర్సు, కళ్ళజోడు, తాళాల గుత్తి అన్నీ ఒంటి మీదే పెట్టుకొని పడవ దాకా వచ్చి, సీట్లో కూర్చున్నాక ఒక్కొక్కటే తీసి గట్టు మీది భార్యకు అందించే పెద్దమనిషి మీకు తెలుసు. దారికి అడ్డంగా నిలబడి ఒకే రీలును ఏడుసార్లు తీసుకొనే జంట మీకు తెలుసు. అలల కొలను గురించి ఒక్క శాస్త్రీయ వాస్తవం చెప్పి వదిలేస్తాను: బయటికొచ్చాక కళ్ళు మండి, ఘాటు వాసన వస్తే "క్లోరిన్ ఎక్కువ కలిపారు" అని యాజమాన్యాన్ని తిడతాం కదా, ఆ ఘాటు చాలావరకు క్లోరిన్‌ది కాదు, మనుషుల చెమటతోనూ మూత్రంతోనూ క్లోరిన్ కలిసినప్పుడు పుట్టే క్లోరమిన్‌లది. అంటే ఆ వాసన కొలనుది కాదు, మనది. అక్కడ కూడా ఉమ్మడి ఆస్తే.

నాకు నవ్వు పోయిన చోటు ఒకటుంది.

పడవ ఎక్కే చోట గోడ మీద ఒక గీత గీసి, 120 సెంటీమీటర్లు అని రాసి ఉంది. దాని పక్కన ఒక కుర్రాడు డ్యూటీలో ఉన్నాడు. ఇరవై ఏళ్ళు నిండాయో లేదో. రంగు వెలిసిన టోపీ, యూనిఫాం వీపు మీద చెమట ఎండి తెల్లగా కట్టిన ఉప్పు చారలు. పొద్దుటినుంచి ఒకే నాలుగు మాటలు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. తోడల్లుడిగారి పాప గీతకు నాలుగు వేళ్ళు తక్కువ ఉంది. "సార్, పాపను పంపలేనండి. బార్ ఒంటికి ఆనదు" అన్నాడు. తండ్రి నవ్వి, పాప పాదాల కింద తన చెప్పులు పెట్టాడు. అవి చాలక జుట్టు పైకి లాగి కొప్పు కట్టమని భార్యకు చెప్పాడు. ఆ కుర్రాడు మళ్ళీ వద్దన్నాడు. అప్పుడు నవ్వు పోయి, "మేం డబ్బులు కట్టలేదారా? నీ జీతమెంతరా? మీ మేనేజర్‌ని పిలువు" మొదలైంది. పొద్దుటినుంచి "కొంచెం జరగండి" అని అందరినీ బతిమాలుతూ వచ్చిన నోరే అది. గట్టిగా ఎదురు చెప్పలేని మనిషి దొరికేసరికి "రా" అనడం మొదలుపెట్టింది.

ఆ గీత ఎందుకుందో ఒక్కసారి చెప్పుకుందాం, ఎందుకంటే అక్కడున్న మూడు వందల మందికీ అది తెలియనట్టే ఉంది. పడవ శిఖరం దాటి కిందికి దూకేటప్పుడు ఒళ్ళు సీటు మీదినుంచి పైకి లేస్తుంది. కడుపులో గిలిగింత పుట్టేది దానివల్లే. మనం డబ్బు కట్టేది దానికే. ఆ క్షణంలో మనిషిని పట్టి ఉంచేది తొడల మీద ఆనుకొనే ఆ ఇనుప బార్ ఒక్కటే. ఒకే బార్ కింద పక్కన పెద్దవాళ్ళు కూర్చుంటే అది వాళ్ళ తొడల దగ్గర ఆగిపోతుంది. పిల్ల ఒంటికీ దానికీ మధ్య ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోంచి పిల్ల జారుతుంది. చెప్పుల మీద నిలబడితే పిల్ల ఎత్తు పెరగదు. కొప్పు కడితే తొడ లావెక్కదు. ఆ బార్‌కు మీ హోదా తెలియదు, మీ వరుసలు తెలియవు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలుచుని, మీ పిల్లను మీ నుంచి కాపాడటమే ఆ కుర్రాడి ఉద్యోగం. దానికి మీరు అతనికి ఇచ్చింది "నీ జీతమెంతరా". అతని ఈడు కొడుకును ఇంట్లో ఏసీ గదిలో పెట్టి ఇంజనీరింగ్ చదివిస్తూ, వాడు మంచినీళ్ళు తనంతట తాను తెచ్చుకున్నా సంబరపడిపోయే మీరు, ఎండలో నిలబడి పని చేసే ఇంకొకరి కొడుకును నలుగురిలో ఆ మాట అంటారా? సిగ్గుండొద్దూ? వావీ వరుసా లేనివాళ్ళు అని పూర్వం తిట్టేవాళ్ళు. మీకు వరుసలు చాలా ఉన్నాయి. మీ చుట్టాలు కానివాళ్ళు మీకు మనుషులే కారు, అదే మీ రోగం.

ఇంకా సిగ్గుచేటైన సంగతి వేరే ఉంది. అంతసేపూ ఆ కుటుంబాన్ని గొణుక్కుంటూ తిట్టుకున్న వెనకవాళ్ళు, ఈ గొడవ ఐదు నిమిషాలు సాగేసరికి కోపాన్ని అటు తిప్పారు. ఆ తండ్రి మీదికి కాదు, ఆ కుర్రాడి మీదికి. "ఎక్కించెయ్యవయ్యా, నాలుగు వేళ్ళేగా, మాకు ఆలస్యమవుతోంది" అన్నారు. నాలుగు వేళ్ళేగా! పదకొండు మంది దూరినప్పుడు లేవని గొంతులు, ఒక పసిపిల్లను ప్రమాదంలోకి తొయ్యడానికి ఒక్కటై లేచాయి. అతను గీత దగ్గర చేయి అడ్డం పెట్టి నిలబడ్డాడు, అంతే. ఎదురు మాట్లాడలేదు. కళ్ళలో నీళ్ళున్నాయి, చేయి మాత్రం దించలేదు.

నేనేం చేశానని అడుగుతారా? ఏమీ చేయలేదు. నాకు పిన్ని వరుసైన ఆవిడ పెట్టిన జంతిక అప్పటికింకా సగం చేతిలోనే ఉంది.

సూపర్‌వైజరు వచ్చాడు, అదే గీతను చూపించాడు, అదే మాట చెప్పాడు. ఆయన చొక్కాకు ఇస్త్రీ ఉంది కాబట్టి తండ్రి ఈసారి "రా" అనలేదు. పాపా, పాప తల్లీ పక్క గేటునుంచి బయటకు వెళ్ళారు. ఏడుస్తున్న పాపకు ఆవిడ, "ఆ అన్న చెడ్డవాడమ్మా" అని చెబుతుండటం నేను స్పష్టంగా విన్నాను. మిగిలిన పదిమందీ పడవెక్కారు. బాబాయిగారు నాకు చెయ్యి కూడా ఊపారు. మా దగ్గరకు వచ్చేసరికి సీట్లు నిండాయి.

తరువాతి పడవకు మేమే మొదటివాళ్ళం. మా మేనకోడలు గీత కింద నిలబడితే తల దాన్ని దాటి రెండంగుళాలు పైకి వచ్చింది. ఆ కుర్రాడు చూసి తల ఊపాడు. నేను అతనితో ఏదో అనాలని మాటలు వెతుక్కుంటూ ఉండగా, దిగేవాళ్ళ వైపు నుంచి తెలిసిన గొంతు వినబడింది. మొట్టమొదట మా ముందు ఒంటరిగా నిలబడిన ఆ కుర్రాడే, నెత్తిన నీళ్ళు కారుతూ, ఫోను చెవిన పెట్టుకొని, కమ్మీల మీదుగా మెడ చాచి చూస్తున్నాడు. నేను ముసలి తల్లినీ గేదెనూ ఇచ్చిన పిల్లవాడు.

"ఒదినా, నువ్వొక్కదానివే ఎక్కలేదుగా, మళ్ళీ మొదటినుంచి నిలబడక్కర్లేదు. ఆ బట్టతల అంకుల్ ఇంకా అక్కడే ఉన్నాడు. ఆయన దగ్గరికి వచ్చెయ్. బాబాయ్ కూడా మళ్ళీ ఎక్కుతాడట."

మా మేనకోడలు అటు చూసింది, నా తల వంక చూసింది. తన నెత్తి మీది గులాబీ రంగు టోపీ తీసి నా చేతిలో పెట్టింది.

"మామయ్యా, ఇది పెట్టుకో. తొందరగా."